కాశీలో తొమ్మిది నిద్రలు, ఒక గల్లీ

కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య అన్నీ ఒకే వారంలో చుట్టి వచ్చే ప్యాకేజీల బోర్డులు మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. వాటిలో కాశీకి దక్కేది మహా అయితే రెండు రాత్రులు. తెల్లవారుజామున విశ్వనాథుడి క్యూ, తర్వాత అన్నపూర్ణ, విశాలాక్షి, సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి, మర్నాడు పొద్దున్నే బస్సు. సెలవు దొరకనివాళ్లకు అదీ అదృష్టమే. కానీ వీలున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: మన పెద్దలు పెట్టిన తొమ్మిది నిద్రల ఆచారాన్ని పట్టుకోండి. తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకు గుర్తుగా కాశీలో తొమ్మిది రాత్రులు పడుకోవాలంటారు. అన్ని రోజులు ఒకచోట ఉంటే పాలకీ కూరగాయలకీ బయటికి వెళ్లక తప్పదు. ఊరు పరిచయమయ్యేది అలా వెళ్లినప్పుడే.

నేను, అమ్మ, పెద్దమ్మ చలికాలంలో వెళ్లాం. ముందు బస సంగతి చెప్తాను, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి.

తెలుగువాళ్లు దిగే సత్రాలు చాలావరకు కేదార ఘాట్, మానససరోవర ఘాట్, పాండే హవేలీ చుట్టుపక్కలే ఉంటాయి. ఆంధ్రాశ్రమం కూడా అక్కడే. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు సత్రమే మేలు. పప్పు, కూర, చారు, మజ్జిగతో మన భోజనం దొరుకుతుంది, తర్పణాలకీ పూజలకీ పురోహితుణ్ని చూపిస్తారు, భాష సమస్య ఉండదు. కొన్ని సత్రాలు తమ సామాజిక వర్గం వాళ్లకే గది ఇస్తాయి, కొన్ని రెండు మూడు రోజులకు మించి ఇవ్వవు. అందుకే తొమ్మిది నిద్రలకు వస్తున్నామని ముందే ఫోన్ చేసి చెప్పాలి. సత్రంతో ఒక చిక్కు ఉంది. చుట్టూ అందరూ తెలుగువాళ్లే కావడంతో కాశీ వాళ్లతో మాట్లాడే అవసరమే రాదు. పొద్దున ఏలూరు, సాయంత్రం ఖమ్మం అన్నట్టు గడిచిపోతుంది.

ఘాట్ మీద గెస్ట్‌హౌస్‌లు కూడా చూశాం. ఒకచోట ఆన్‌లైన్ ఫొటోల్లో గంగ కనిపించింది, తీరా వెళ్తే ఆ గదికి కిటికీయే లేదు. నది కనిపించే గదులు నిజంగా బాగుంటాయి, అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మెట్లు మాత్రం నిలువుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది అంతస్తే అడగాలి.

కొన్ని రోజులు సత్రంలో ఉండి, తర్వాత బెంగాలీ టోలా గల్లీలో వంటగది ఉన్న ఒక పాత ఇంటి పైభాగానికి మారాం. కింద ఇంటివాళ్లు ఉంటారు. మధ్యలో చిన్న మండువా, దాని మీద కోతులు రాకుండా ఇనుప జాలీ. నా లెక్కలో కాశీలో అన్నిటికంటే మంచి బస ఇదే. మూడోరోజుకల్లా గల్లీ మమ్మల్ని గుర్తుపట్టేసింది. అక్కడ నమస్తే కంటే 'మహాదేవ్' అని పలకరించేవాళ్లే ఎక్కువ. పాలవాడు, పూలమ్మాయి, మూలమీద టీ కొట్టు పెద్దాయన, అందరూ పెద్దమ్మకు 'మహాదేవ్ మాతాజీ' అనేవాళ్లు. ఆవిడకు హిందీ ముక్క రాదు. 'మహాదేవ్ నాయనా' అని జవాబిచ్చేది.

అసలు కథ వంకాయల దగ్గర మొదలైంది. చలికాలంలో కాశీ కూరగాయల బండ్ల మీద రామ్‌నగర్ వంకాయలు కనిపిస్తాయి. గుండ్రంగా, లేతాకుపచ్చ తెలుపు కలిసిన రంగులో, ఒక్కోటి కొబ్బరికాయంత. భంటా అంటారు. 2023లో బనారస్ పాన్, లంగ్డా మామిడితో పాటు దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూరలమ్మే ఆవిడ వంకాయను నిప్పుల మీద పెట్టి తిప్పుతున్నట్టు చేత్తో చూపించి, 'చోఖా' అంది. పెద్దమ్మకు వెంటనే అర్థమైంది. గ్యాస్ పొయ్యి మీదే కాల్చి, చింతపండు, పచ్చిమిర్చి వేసి పచ్చడి చేసి, ఒక గిన్నెడు కింద ఇంటావిడకు పంపింది. వాళ్లు చేసే చోఖాలో ఆవనూనె, వెల్లుల్లి ఉంటాయి, చింతపండు ఉండదు. ఆ పులుపు ఆవిడకు భలే నచ్చింది. మర్నాడు గిన్నె ఖాళీగా రాలేదు. పచ్చి బఠాణీలు నూరి చేసే నిమోనా కూర వచ్చింది. ఆ తర్వాత రోజూ ఆ గిన్నె మెట్లెక్కుతూ దిగుతూనే ఉంది. అమ్మా, ఆవిడా వంటింట్లో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. చెరో భాషలో ఏం అర్థమయ్యేదో గానీ, కోడళ్ల గురించీ కందిపప్పు ధర గురించీ మాట్లాడుకున్నారని నాకు మాత్రం తెలిసేది.

నేతపనివాళ్ల పేట మదన్‌పురాలో మగ్గం చూడగలిగింది కూడా ఆ ఇంటివాళ్ల వల్లే. మామూలుగా యాత్రికులను ఆటోవాళ్లు కమీషన్ వచ్చే చీరల కొట్లకు తీసుకెళ్తారు. మమ్మల్నీ ఒక డ్రైవర్ వద్దన్నా తీసుకెళ్లి గంట కూర్చోబెట్టాడు. ఇంటాయన తనకు తెలిసిన నేతపనివారి ఇంటికి పంపారు. గదిలో గుంట మగ్గం, పైన డిజైన్‌కు తగ్గట్టు చిల్లులు పెట్టిన జకార్డ్ అట్టల దండ. కడువా అనే నేతలో ఒక్కో బుటాను, అంటే చీర మీది పువ్వును, విడివిడిగా నేస్తారు, అందుకే వెనక వదులు దారాలు ఉండవు. ఫేకువా అనే ఇంకో నేతలో దారం అంచు నుంచి అంచు దాకా పోతుంది, తర్వాత వెనక మిగిలినదాన్ని కత్తిరిస్తారు. కడువా చీరకు పట్టే రోజులు విన్నాక అమ్మ తన పెళ్లినాటి బెనారస్ చీర గుర్తుచేసుకుని, దాని వెనకవైపు ఎలా ఉండేదో ఆలోచనలో పడింది. ఆ ఇంట్లో చీర కొనమని ఎవరూ అనలేదు. టీ ఇచ్చారు.

పడవ విషయంలో నా మాట: రోజూ ఒకే పడవవాడి దగ్గరికి వెళ్లండి. తెడ్డు వేసే పడవే ఎక్కండి. మోటారు పడవ ఘాట్లన్నీ త్వరగా చూపిస్తుంది, నిజమే. కానీ తెడ్డు పడవలో మాట వినిపిస్తుంది. గంటకు ఎంతో ఎక్కకముందే తేల్చుకోవాలి, హారతి వేళ రేటు వేరే. మా పడవతను వర్షాకాలంలో నీళ్లు ఎంతవరకు వస్తాయో మెట్ల మీద చూపించాడు. ఘాట్లు మునిగినప్పుడు పడవలు ఆపేస్తారట, ఆ రోజుల్లో వేరే కూలి పని చూసుకోవాల్సిందే. గంగ ఇక్కడ ఉత్తరానికి పారుతుందని పుస్తకాల్లో చదివిందే. తెడ్డు వేసేవాడికి మాత్రం అది భుజాల బరువు. దక్షిణాన ఉన్న అస్సీ ఘాట్ వైపు వెళ్లేటప్పుడు ఎదురీత, తిరిగొచ్చేటప్పుడు తేలిక.

హారతుల్లో దశాశ్వమేధ ఒకసారి చూడాల్సిందే. జనం మాత్రం విపరీతం. మనసుకు నచ్చింది అస్సీ ఘాట్‌లో పొద్దుటి సుబహ్-ఎ-బనారస్. హారతి, వేదమంత్రాలు, ఆ తర్వాత సంగీతం, చివర్లో యోగా. అక్కడి నుంచి ఘాట్ల వెంబడి నడుచుకుంటూ వస్తే తులసీ ఘాట్ దాటాక బట్టలు ఉతికేవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు, హరిశ్చంద్ర ఘాట్‌లో చితులు. అమ్మ మొదట్లో అటు చూడకుండా నడిచేది. పోనుపోను నిలబడి, చేతులు జోడించి, ముందుకు కదిలేది. అక్కడ ఫొటోలు తీయొద్దు, అది ఎవరో ఒకరి ఇంటి దుఃఖం. చితులు కాలే మరో ఘాట్ మణికర్ణిక దగ్గర కట్టెలకు చందా అంటూ వెంటపడేవాళ్లుంటారు, ఆగకుండా నడవడమే మంచిది.

విశ్వనాథ కారిడార్ 2021 డిసెంబర్‌లో మొదలయ్యాక గంగ ఒడ్డు నుంచి నేరుగా గుడిలోకి వెళ్లొచ్చు. వృద్ధులకు చాలా సుఖం. రోజూ వెళ్లడానికి మాత్రం మాకు కేదారేశ్వరుడే దగ్గర. ఎరుపు తెలుపు చారల గోడ, పదడుగుల్లో గంగ మెట్లు, చుట్టూ తెలుగూ తమిళమూ బెంగాలీ. గోదౌలియా వైపు ఉన్న నాట్టుకోట్టై చెట్టియార్ల సత్రం నుంచి విశ్వనాథుడి హారతికి రోజూ సామగ్రి తీసుకెళ్తారు. 'శంభో శంభో' అంటూ వాళ్లు వస్తుంటే దారి దానంతటదే విడిపోతుంది.

తిండిలో పొద్దున కచోరీ, కూర, జిలేబీ. మట్టి గ్లాసులో టీ. చలికాలం పొద్దుటిపూట మాత్రమే దొరికే మలైయ్యో తప్పక తినండి. పాలను రాత్రి ఆరుబయట మంచులో పెట్టి, తెల్లవారుజామున చిలికి తీసిన నురగ, కుంకుమపువ్వు వాసనతో. ఎండ ముదిరితే కరిగిపోతుంది, అందుకే ఎనిమిదిలోపు వెళ్లాలి.

వెళ్లే కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, ఆ రోజుల్లో గది దొరకడమే కష్టం. డిసెంబర్ చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం అవుతాయి, తిరుగు టికెట్‌కు ఒక రోజు అదనంగా పెట్టుకోండి. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు మొఘల్‌సరాయిలో, అంటే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి ఆటోలో రావాలి. సారనాథ్‌కు ఒక పూట కేటాయించండి. అశోకుడి నాలుగు సింహాల శిల్పం ఉన్న మ్యూజియంకు శుక్రవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి.