టోరస్సా, ఫ్యాట్ ట్రీనా?

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో క్లస్టర్ (కలిసి ఒకే యంత్రంలా పనిచేసే కంప్యూటర్ల గుంపు) కట్టాలనుకునేవాళ్లు ప్రాసెసర్ల గురించి ఎంత ఆలోచిస్తారో, వాటిని కలిపే నెట్‌వర్క్ గురించీ అంతే ఆలోచించాలి. చాలా ప్రోగ్రాములు నెమ్మదించేది అక్కడే. అలా కలిపే పద్ధతుల్లో రెండు: టోరస్, ఫ్యాట్ ట్రీ.

త్రీడీ టోరస్‌ అంటే ప్రతి వరసా చివర మళ్లీ తన మొదటికే కలిసే త్రీడీ గడుల అమరిక. ఇందులో ప్రతి నోడ్‌కూ (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్‌కూ) ఆరు పొరుగు నోడ్‌లు. డేటాను దారి చూపి పంపే పెద్ద స్విచ్‌లు విడిగా అక్కర్లేదు, వైర్లు పొట్టివి. ఐబీఎం సూపర్ కంప్యూటర్ బ్లూ జీన్/ఎల్ ఇలా కట్టిందే. ప్రాంతాన్ని గడులుగా విడగొట్టి చేసే, పక్క గడితోనే ఎక్కువ పని ఉండే వాతావరణ లెక్కలకు ఇది బాగా సరిపోతుంది.

ఫ్యాట్ ట్రీలో నోడ్‌లు అడుగున, వాటిని కలిపే స్విచ్‌లు పైన చెట్టులా అంచెలంచెలుగా ఉంటాయి. దీన్ని 1985లో కంప్యూటర్ శాస్త్రవేత్త చార్లెస్ లీజర్‌సన్ ప్రతిపాదించారు. చిన్న స్టేషన్‌కు రెండు లైన్లు చాలినా కాజీపేట జంక్షన్‌కు చాలవు కదా, అలాగే ఇందులో పైకి వెళ్లేకొద్దీ లింకుల సామర్థ్యం పెరుగుతుంది.

అసలు తేడా యంత్రాన్ని సగానికి కోసి చూస్తే తెలుస్తుంది. 8×8×8 టోరస్‌లో 512 నోడ్‌లుంటాయి, ఆ కోతను దాటే లింకులు మాత్రం 128. ఒక సగంలోని 256 నోడ్‌లూ ఒకేసారి అవతలి సగానికి డేటా పంపితే రెండింటికి ఒక్క లింకే దక్కుతుంది. పూర్తి స్థాయి ఫ్యాట్ ట్రీలో 256 నోడ్‌లకూ చాలినంత దారి ఉంటుంది. ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌లా (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) అన్ని నోడ్‌లూ అన్నిటితో డేటా మార్చుకునే పనులకు ఇది ప్రాణం. ఖర్చంతా స్విచ్‌లకూ, పొడవాటి కేబుళ్లకూ.

పది డిపార్ట్‌మెంట్లు పంచుకునే మెషీన్‌కు నేనైతే ఫ్యాట్ ట్రీనే అడుగుతాను. ఏ జాబ్ (నడపమని ఇచ్చిన ప్రోగ్రాం) ఏ నోడ్‌లో పడిందన్న టెన్షన్ చాలా తగ్గుతుంది. ఒక్క స్విచ్‌కు సరిపోయే చిన్న క్లస్టరైతే ఈ రెండూ అక్కర్లేదు.