ఐబీఎస్ తేల్చేస్తామని కొలనోస్కోపీ ప్యాకేజీ అంటగడుతున్నారు, జాగ్రత్త

ఏడాదిగా కడుపునొప్పి. ఒకరోజు విరేచనాలు, మర్నాడు మలబద్ధకం. నాకు 32 ఏళ్లు. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్తే "కెమెరా పెట్టి చూస్తే ఐబీఎస్ ఉందో లేదో తేలిపోతుంది సార్" అన్నారు. ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, ఇలాంటి నొప్పి, విరేచనాలు, మలబద్ధకం తెచ్చే పేగు సమస్య. నమ్మి కొలనోస్కోపీ ప్యాకేజీ తీసుకున్నాను, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష.

ముందు రోజంతా ద్రవాలే. సాయంత్రం నుంచి ఉప్పగా, అదోలా ఉండే మందునీళ్లు గ్లాసు మీద గ్లాసు తాగాలి. మూడో గ్లాసుకే వాంతి వచ్చినంత పనైంది. ఆ రాత్రి పడుకున్నది తక్కువ, బాత్‌రూమ్‌లో కూర్చున్నది ఎక్కువ. తీరా రిపోర్టు చూస్తే చివర "నార్మల్ స్టడీ" అని ఉంది. ఐబీఎస్ అన్న మాటే లేదు. అడిగితే "నార్మల్ వచ్చిందంటే ఐబీఎస్సే సార్" అన్నారు. మరి తేలిందేమిటట?

తర్వాత గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. ఐబీఎస్‌లో తేడా వచ్చేది పేగు పనితీరులో. లోపలి పొర చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కెమెరాకి దొరికేదేమీ ఉండదు. ఆయన పావుగంట ప్రశ్నలే అడిగారు. ఐబీఎస్‌ని గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత 3 నెలలుగా వారానికి కనీసం ఒకరోజైనా నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం, వెళ్లే సార్లలో మార్పు, మలం గట్టిగానో పలుచగానో మారడం, ఈ మూడింటిలో రెండు ఉండాలి. బాధ మొదలై 6 నెలలు దాటాలి. వీటికి తోడు రక్త పరీక్షలు, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) పరీక్ష రాశారు. అంతే.

కొలనోస్కోపీ వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి. 45 లోపు వయసుండి, ప్రమాద సూచనలు లేనివాళ్లకి రొటీన్‌గా వద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లోనే చెప్పింది.

అలాగని మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్ ఉంటే నా పోస్టు చూసి ఆగిపోకండి, వెంటనే డాక్టర్ని కలవండి. నీళ్ల విరేచనాలు నెలల తరబడి తగ్గకపోతే బయాప్సీ తీస్తారా అని ముందే అడగండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే పెద్దపేగు వాపు కంటికి కనబడదు, ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. నా ప్యాకేజీలో అదీ లేదు.

నిన్న వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు, ఏడాది ఫాలోఅప్ కొలనోస్కోపీకి డిస్కౌంట్ ఉందట. పోయినసారి నార్మలే కదా, ఇప్పుడేం వెతుకుతారని అడిగాను. "సిస్టమ్‌లో డ్యూ చూపిస్తోంది సార్" అన్నారు.