జర్మనీ టాఫెల్‌లో వాలంటీరింగ్: అక్కడ చదువుకోబోయే మన నెల్లూరు పిల్లల కోసం నా రివ్యూ, 4.5/5

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి జర్మనీ పోయేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. నేను సెలవులకి ఇంటికొస్తే చాలు, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని చెప్పేది) ఎట్టా తీసుకోవాల, బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే ఖాతా) ఎంత వెయ్యాల అని ఎవరో ఒకరు అడగతానే ఉంటారు (2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు). కానీ అక్కడికి పోయాక క్లాసులు అయిపోయిన టైంలో ఏం చెయ్యాలని మాత్రం ఎవరూ అడగరు, అందుకే ఇది రాస్తా ఉన్నా.

టాఫెల్ అంటే సూపర్ మార్కెట్లలో, బేకరీల్లో అమ్ముడుపోని, కానీ తినడానికి బాగానే ఉన్న సరుకులు తెచ్చి డబ్బుకి ఇబ్బంది పడేవాళ్ళకి పంచే సంస్థ. 1993లో బెర్లిన్‌లో మొదలైంది, ఇప్పుడు దేశమంతా 970కి పైగా ఉన్నాయి, పని చేసేది ఎక్కువ మంది వాలంటీర్లే. పెన్షన్ చాలని ముసలోళ్ళు, ఉక్రెయిన్, సిరియా నుంచి వచ్చినోళ్ళు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే ఆడవాళ్ళు, అందరూ వస్తారు. ఆదాయం తక్కువని కాగితం చూపించాల, చాలా చోట్ల ఒకటో రెండో యూరోలు తీసుకుంటారు.

మొదట నాకిచ్చింది క్రేట్లు దించి కాయలు ఏరే పని. వల సంచిలో ఒక్క నారింజకి బూజు పడితే షాపోళ్ళు సంచి మొత్తం తీసేస్తారు, మనం ఆ సంచి కోసి, చెడిపోయింది పారేసి, మిగతావి తుడిచి పెట్టాల. పెరుగు డబ్బాలు ఎట్టా చూడాలో రిటైరైన ఒక పెద్దాయన నేర్పించాడు. డేట్ దాటిందని పారెయ్యొద్దు, ముందు మూత ఉబ్బిందేమో చూడు, అనుమానముంటే ఒకటి తెరిచి రంగు చూడు, వాసన చూడు, కొంచెం నాలిక మీద వేసుకో అనేవాడు. అక్కడ ప్యాకెట్ల మీద రెండు రకాల డేట్లుంటాయి, ఒకటి ఆ రోజుదాకా క్వాలిటీ తగ్గదని చెప్పేది, అది దాటినా సరుకు బాగుంటే ఇవ్వొచ్చు, రెండోది కైమా లాంటి తొందరగా చెడిపోయే వాటి మీద ఉండేది, అది దాటితే మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.

తర్వాత కౌంటర్‌లో నిలబెట్టారు, నన్ను మార్చింది ఆ కౌంటరే. డిగ్రీ అయ్యేదాకా బ్యాంకు పనులు కూడా మా నాన్నే చూసుకునేవాడు, జర్మనీ పోయాక క్లాసులో ఇంగ్లీషు, రూములో అంతా మనోళ్ళే కాబట్టి తెలుగు, ఇంటి ఓనర్ ఫోన్ చేస్తే ఎత్తడానికే భయం. కౌంటర్‌లో అట్టా కుదరదు, ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు, మాట్లాడాల్సిందే. ఒకరోజు మూసే టైంకి పాలు అయిపోయినాయి, చంటిబిడ్డతో వచ్చినామెకి లేవని చెప్పడానికి నాకు నోరు రాలా. ఆ పెద్దాయన వచ్చి ఆమె మొహం చూసి పాలు అయిపోయాయమ్మా, పెరుగుంది, వచ్చేవారం నీ నంబర్ ముందొస్తుంది అని తిన్నగా చెప్పాడు. ఆమె తలూపి పెరుగు తీసుకుని పోయింది. నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పడం కూడా మర్యాదేనని నాకు అక్కడే అర్థమైంది. ఇప్పుడు ఓనర్‌తో హీటర్ రిపేరు గురించి నేనే ఫోన్ చేసి మాట్లాడతా ఉన్నా.

తీసుకునేవాళ్ళలో కొందరు తలెత్తరు, అది చూస్తే మాత్రం కష్టంగా ఉంటుంది. అప్పుడు నాకు మన బారాషహీద్ దర్గా రొట్టెల పండగే గుర్తొచ్చేది. కోరిక ఉన్నోళ్ళు రొట్టె తీసుకుంటారు, అది తీరినోళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇస్తారు. మా అమ్మ స్వర్ణాల చెరువులో నేను విదేశం పోవాలని కోరుకుని విదేశీ రొట్టె పట్టింది, ఎవరో తెలియని ఆమె చేతి నుంచి తీసుకుంది, నాకు వీసా వచ్చాక మళ్ళీ పోయి ఇంకెవరికో ఇచ్చింది. అక్కడ చెయ్యి చాపినందుకు ఎవరూ చిన్నబోరు, ఇచ్చేవాళ్ళు కూడా ఒకప్పుడు తీసుకున్నోళ్ళే కదా. కౌంటర్‌లో నేనూ ఆ మనసుతోనే ఇచ్చేదాన్ని, ఉల్లిపాయలు ఇంకో నాలుగు వెయ్యనా అని అడిగి మరీ.

ఇక్కడ ఒక కన్సల్టెన్సీలో నాకు జీతం రాని పని టైం వేస్టు అని చెప్పి పంపించారు. నేను పార్ట్ టైం కూడా చేశా, 2024 మార్చి నుంచి ఏడాదికి 140 ఫుల్ డేస్ దాకా చెయ్యొచ్చు, అద్దె కట్టాలంటే అది కావాల్సిందే, ఇంట్లో అప్పు చేసి పంపినోళ్ళు ముందు దాని సంగతే చూసుకోండి. వారంలో ఒక పూట మిగిలినా టాఫెల్‌కి చాలు.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, నేను చేసిన చోట పంపిణీ అంతా పగటిపూటే, ల్యాబ్ ఉన్నోళ్ళకి కుదరదు. నడుం నొప్పి ఉన్నోళ్ళు క్రేట్ల పని వద్దని ముందే చెప్పండి. జర్మన్ కనీసం ఏ2 (మొదట్నుంచి రెండో మెట్టు) ఉంటే కౌంటర్‌లో నెట్టుకురావచ్చు, లేకపోయినా కాయలు ఏరే పని ఉంటుంది. తిండి సరుకులు ముట్టుకోవాల కాబట్టి నన్ను హెల్త్ ఆఫీసులో శుభ్రత మీద చిన్న క్లాసు విని రమ్మన్నారు, మిమ్మల్నీ అడగొచ్చు.

అక్టోబర్‌లో పోయేవాళ్ళు ముందు అడ్రస్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ పనులు చూసుకుని మొదటి సెమిస్టర్ పరీక్షలు గట్టెక్కండి. ఆ తర్వాత ఈమెయిల్ పెట్టి ఎదురుచూసే కంటే పంపిణీ అయ్యే రోజు పొద్దున్నే నేరుగా పోయి అడగండి, వ్యాన్ నుంచి క్రేట్లు దించడానికి ఆ టైంలో మనుషులు కావాల్సి ఉంటుంది.