చెరువు అడుగున ఇంకే నీటిని కొలిచే సీపేజ్ మీటరు: రెండు వేసవుల వాడకం తరువాత

చెరువులో నీటిమట్టం తగ్గినప్పుడు ఎండకు ఆవిరైనది ఎంత, తూము గుండా పారినది ఎంత అన్నది ఏదో ఒక విధంగా తేల్చుకోవచ్చు గానీ, అడుగు మట్టిలోకి ఇంకినది ఎంత అన్నదాన్ని మాత్రం చాలామంది లెక్క చివర మిగిలిన అంకెగానే రాసుకుంటారు. పూడిక తీసిన తరువాత చుట్టుపక్కల బోర్లకు నిజంగా ఎంత నీరు చేరుతోందో చెప్పవలసింది ఆ అంకే కనుక, దాన్ని నేరుగా కొలవాలని నాలుగు సీపేజ్ మీటర్లు వెల్డింగు షాపులో చేయించి, రెండు వేసవులు వాడాను.

1977లో పరిశోధకుడు డేవిడ్ లీ వివరించిన నమూనా ఇది. 208 లీటర్ల ఇనుప డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు చివరలూ రెండు సీపేజ్ మీటర్లవుతాయి. తెరిచిన వైపును అడుగు మట్టిలోకి దించి, పైనున్న రంధ్రానికి గొట్టమూ, దానికి పలుచని ప్లాస్టిక్ సంచీ తగిలిస్తారు. భూగర్భజలం చెరువులోకి ఊరుతుంటే సంచి నిండుతుంది, చెరువు నీరు ఇంకుతుంటే సంచి తగ్గుతుంది. డ్రమ్ము నోరు దాదాపు పావు చదరపు మీటరు. ఒక ఉదయం లీటరు నీటితో తగిలించిన సంచిని నాలుగు గంటల తరువాత తూచితే, ఖాళీ సంచి బరువు పోను, 760 గ్రాములే ఉంది. అంటే ఆ చోట రోజుకు సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల నీరు భూమిలోకి దిగుతోంది. అంతకాలం ఊహగా ఉన్న అంకెను ఆ తక్కెడ మీద చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

డ్రమ్ము నమ్మదగినదే, పొరపాట్లలో చాలావరకు సంచి దగ్గరే పుడతాయి. ఖాళీ సంచిని తగిలిస్తే అది తన సహజ ఆకారానికి రావడానికి తనంతట తానే నీటిని పీల్చుకుని, లేని ఊటను చూపిస్తుందని షా, ప్రెపాస్ అనే పరిశోధకులు 1989లో తెలియజేశారు. అందుకే ముందుగా కొంత నీరు పోసి తగిలించాలి. గాలికి అలలు లేచిన రోజున సంచి ఊగి కొలత చెడుతుంది గనుక, దాన్ని రంధ్రాలున్న డబ్బాలో ఉంచడం అవసరం. నల్లటి ఒండ్రులో పుట్టే మీథేను బుడగలు డ్రమ్ములో చేరి నీటిని సంచిలోకి నెడతాయి. రంధ్రమున్న వైపు కాస్త ఎత్తుగా ఉండేలా వాలుగా దించితే ఆ వాయువు బయటికి పోతుంది. మట్టి కుదురుకోవడానికి ఒక రోజైనా ఆగి, ఆ తరువాతే సంచి కట్టడం మంచిది.

రాళ్లున్న చోట అంచు సరిగా దిగదు కనుక ఈ పరికరం పనికిరాదు. పైగా ఒక్క మీటరు చెప్పేది ఆ పావు చదరపు మీటరు సంగతే. ఒడ్డు దగ్గరా లోతట్టునా వేరువేరు అంకెలు రావడం మామూలే కాబట్టి, ఒక్క చోట కొలిచి చెరువంతటికీ హెచ్చవేయడాన్ని నేను ఒప్పుకోను.

నాకు చేసి ఇచ్చిన షాపు పని మాత్రం తృప్తి కలిగించలేదు. రెండింటిలో గొట్టం అతుకు దగ్గర సన్నని కారుడు ఉండిపోయింది. సబ్బునీళ్లు రాసి గాలి ఊదితేగాని అది బయటపడలేదు, అప్పటికే వారం కొలతలు వృథా అయ్యాయి. అయినా ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సూటిగా సమాధానమిచ్చే పరికరం మరొకటి నేను చూడలేదు. చేయించుకునేవారు రంధ్రాన్ని మూత నడుమ కాకుండా అంచు దగ్గర పెట్టించి, కోసిన అంచును పదునుగా రాయించి, అతుకులను షాపులోనే నీటిలో ముంచి చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.