నాలుగు కేబుళ్లు, ఎనిమిది బిరడాలు: మొనలు మార్చుకునే అల్లిక సూదుల సెట్టుతో ఒక పండుగ కాలం

విజయవాడలో ఊలు అల్లేవారికి పనులన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి. వేసవి అంతా సూదులు అలమరలోనే ఉంటాయి. దసరా దగ్గర పడుతున్నదనగానే బొమ్మల కొలువు మెట్లకు అంచు కావాలని ఒకరు, గుమ్మానికి బంతిపూల తోరణం కావాలని ఒకరు, కార్తికంలో బారసాల ఉన్నదని మరొకరు కబురు పంపుతారు. జనవరిలో కూడా పలచటి దుప్పటితో సరిపెట్టుకునే ఊళ్లో స్వెట్టర్లు ఎవరు వేసుకుంటారని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మేము అల్లేవి చాలావరకు ఢిల్లీలోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలకే; వాళ్లు సంక్రాంతికి వచ్చి తిరుగు ప్రయాణమయ్యేలోగా చేతిలో పెట్టాలి కనుక గడువు కూడా కచ్చితంగానే ఉంటుంది.

గత దసరా నాటికి నా ముందు ఐదు పనులు ఉన్నాయి. తోరణం, కొలువు అంచు క్రోషియా పనులు. పసిపాపకు టోపీ, మేనల్లుడికి స్వెట్టర్, మా అత్తయ్యగారికి శాలువా, ఈ మూడూ రెండు సూదుల అల్లికలు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మాత్రమే అల్లే నాకు ఈ మూడింటితోనే చిక్కు వచ్చింది. స్వెట్టర్ వీపు భాగం సగం అల్లేసరికి శాలువాకు కూడా అదే మందం సూది కావలసి వచ్చింది. ఉన్న ఒక్క జతా స్వెట్టర్ కుట్లను మోస్తూ కూర్చున్నది. ఇంకొక జత కొనుక్కోవచ్చు, వంద రూపాయలైనా కాదు. కానీ అలా కొన్న జతలతోనే నా పాత బిస్కెట్ల డబ్బా నిండిపోయింది, వాటిలో ఏది ఎంత మందమో తెలిపే అంకెలు అరిగిపోయి చాలా కాలమైంది. అందువల్లనే ఈసారి 4,800 రూపాయలు పెట్టి, మొనలు విడదీసి మార్చుకునే సూదుల సెట్టును ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఇటువంటి సెట్లు చేసే కంపెనీలు నాలుగైదు ఉన్నాయి, అన్నింటి సూత్రమూ ఒకటే కనుక నేను వస్తువు గురించే రాస్తున్నాను, బ్రాండు జోలికి పోవడం లేదు.

పెట్టెలో 3.5 నుంచి 8 మిల్లీమీటర్ల వరకు ఎనిమిది జతల చెక్క మొనలు, నాలుగు ప్లాస్టిక్ కేబుళ్లు, కేబుల్ చివరలను మూయడానికి ఎనిమిది చిన్న బిరడాలు, మర బిగించడానికి గుండుసూది అంతటి లోహపు పిన్నులు ఉన్నాయి. ఒక్కొక్క మొన అడుగున మర ఉంటుంది. కేబుల్ రెండు చివరలకూ ఒక్కొక్క మొనను తిప్పి బిగిస్తే, రెండు మొనలు ఒకే తీగతో కలిసిన మామూలు రౌండ్ సూది తయారవుతుంది. రౌండ్ సూదితో గుండ్రంగానే అల్లాలన్న నియమం లేదు. వరుస చివర తిప్పి పట్టుకుంటే స్వెట్టర్ భాగాలు, శాలువా కూడా దానిపైనే సాగుతాయి, పైగా బరువంతా ఒళ్లో ఉండే కేబుల్ మీద పడి మణికట్టుకు హాయిగా ఉంటుంది.

అసలు సౌకర్యం పని ఆపేటప్పుడు తెలుస్తుంది. వరుస పూర్తి చేసి, రెండు మొనలనూ విప్పి, కేబుల్ రెండు చివరలకూ బిరడాలు బిగిస్తే చాలు, నూట ఇరవై కుట్లైనా ఎక్కడివక్కడే ఉంటాయి. సంచిలో కుక్కినా, పిల్లలు లాగినా ఒక్కటి జారదు. విప్పిన మొనలు వెంటనే రెండో కేబుల్‌కు వెళ్తాయి. అంటే ఒకే 4.5 జతతో సోమవారం స్వెట్టర్, మంగళవారం శాలువా నడపవచ్చు. దసరా నుంచి సంక్రాంతి దాకా నా స్వెట్టర్ వీపు ఒక కేబుల్ మీద, ఛాతీ భాగం రెండో దాని మీద, శాలువా మూడో దాని మీద ఉన్నాయి. బస్సులో అల్లేటప్పుడు ఎవరి మోచేయో తగిలి సూది జారి కుట్లన్నీ ఊడిపోయే ప్రమాదం కూడా తప్పింది, నేను దిగే చోటు రాగానే బిరడా పెట్టేయడం అర నిమిషం పని.

ఇదంతా చూసి మా అత్తయ్యగారు నవ్వారు. ఆవిడ పుట్టిల్లు నరసాపురం వైపు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి ఇంటింటి పనిగా స్థిరపడి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసు అల్లికను ఆవిడ చిన్నతనంలోనే నేర్చుకున్నారు. “ఈ మరలూ బిరడాలూ నాకెందుకే అమ్మాయ్? నా పనిలో ఎప్పుడూ బతికుండేది ఒక్క ఉచ్చే. దాన్ని కాస్త పొడుగ్గా లాగి వదిలేస్తే అన్నం వండుకొచ్చినా అక్కడే ఉంటుంది” అన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. క్రోషియాలో కుట్టు పూర్తయిన వెంటనే ముడిపడిపోతుంది, సూది మీద మిగిలేది ఒకే ఉచ్చు; దానికి ఒక పిన్నీసు తగిలిస్తే సూదిని వేరే పనికి తీసుకుపోవచ్చు. రెండు సూదుల అల్లికలో మాత్రం ఆ వరుసలోని కుట్లన్నీ ఏకకాలంలో తెరిచే ఉంటాయి, ఒకటి జారితే నిచ్చెనమెట్లలా కింది వరుసల దాకా విడిపోతుంది. కాబట్టి కేవలం క్రోషియా చేసేవారికి ఈ సెట్టుతో ప్రయోజనమేమీ లేదు, ఐదు వేలకు దగ్గరైన ఆ ఖర్చును నూలు మీద పెట్టుకోవచ్చు.

సెట్టు వల్ల నాకు కొత్తగా వచ్చి పడిన తిప్పలు కూడా చెప్పాలి. మామూలు సూదుల జత పనితోపాటే ఉంటుంది కనుక దాని మందం గుర్తుంచుకోవలసిన అవసరం రాదు. ఇక్కడ మొనలు విడిపోయి వెళ్లిపోతాయి. దీపావళి హడావిడిలో స్వెట్టర్‌ను పది రోజులు పక్కన పెట్టి, తిరిగి పట్టుకున్నప్పుడు 4.5కు బదులు 4 మిల్లీమీటర్ల మొనలు బిగించాను. ఎనిమిది వరుసల తరువాత గానీ వీపు మధ్యలో బిగువుగా నడుము పట్టీలా తయారైన గీత కంటపడలేదు. ఆ ఎనిమిది వరుసలూ విప్పుకున్నాను. అప్పటి నుంచి బిరడా పెట్టే ముందు చిన్న అట్టముక్క మీద మొన మందం, వరుస అంకె రాసి కేబుల్‌కు కట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ అట్టముక్కలకు అత్తయ్యగారి దగ్గరున్న పాత పెళ్లి శుభలేఖలు బాగా పనికివచ్చాయి.

మొనల మీద అంకెలు మిల్లీమీటర్లలో ఉండడం మంచిదే కానీ, దుకాణంలో మాట వేరు. మన దగ్గర ఊలు అమ్మేవారు నేటికీ “10 నంబరు సూది” అంటే పాత బ్రిటిష్ లెక్క ప్రకారం 3.25 మిల్లీమీటర్ల సన్నటి సూదిని ఇస్తారు. అదే 10 నంబరు అమెరికా డిజైన్లలో 6 మిల్లీమీటర్ల లావుపాటి సూది. బ్రిటిష్ లెక్కలో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావెక్కుతుంది. డిజైన్ ఎక్కడిదో చూసి మిల్లీమీటర్లలోకి మార్చుకున్న తరువాతే మొన ఎంచుకోవాలి.

ఈ సెట్టులోని పెద్ద లోపం కూడా ఆ లెక్కలోనే బయటపడుతుంది. పసిపిల్లల పనికి కావలసినవి 10, 12 నంబర్ల సూదులు, అంటే 3.25, 2.75 మిల్లీమీటర్లు. సెట్టు 3.5తోనే మొదలవుతుంది. బారసాల టోపీకి సంబంధించినంతవరకు నాలుగు వేల ఎనిమిది వందల పెట్టె మూత కూడా తీయవలసిన అవసరం రాలేదు. మందం సరిపోయినా పొడవు సరిపోయేది కాదు. సెట్టులోని అతి పొట్టి కేబుల్ విడిగా 35 సెంటీమీటర్లు, మొనలు బిగిస్తే 60. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు. అంత చిన్న టోపీని 60 సెంటీమీటర్ల సూది మీద గుండ్రంగా తిప్పడం అసాధ్యం. పొడవాటి కేబుల్‌ను కుట్ల మధ్య నుంచి వెలికి లాగి అల్లే మేజిక్ లూప్ పద్ధతి ఒకటి ఉన్నది కానీ నా చేతికి అది పట్టుబడలేదు. చివరకు రెండు వైపులా మొన ఉండే ఐదు సూదుల పాత సెట్టుతోనే టోపీ ముగించాను.

మర గురించి ఒక హెచ్చరిక అవసరం. పిన్ను దూర్చి గట్టిగా బిగించకపోతే అల్లుతున్నకొద్దీ మొన నెమ్మదిగా వదులవుతుంది. ఆ సందులో ఊలు పోగు ఇరుక్కుని చిరుగుతుంది. నాకు రెండుసార్లు జరిగింది, రెండూ పిన్ను వెతుక్కోవడానికి బద్ధకించి చేత్తో బిగించినప్పుడే. చెక్క మొనలు మాత్రం మన ఉక్కపోతకు బాగా నప్పాయి. అక్టోబరులో చెమట పట్టిన చేతుల్లో స్టీలు సూది మీద అక్రిలిక్ ఊలు జారినంతగా దీని మీద జారదు.

పనులు ఎక్కువైనప్పుడు సూదులకంటే ముందే ఇబ్బంది పెట్టేది ఊలు రంగు. ఉండ మీది కాగితంపై, ఆ ఊలుకు ఏ విడతలో రంగు వేశారో తెలిపే లాటు నంబరు ఉంటుంది. అదే రంగైనా లాటు మారితే స్వెట్టర్‌లో గీత తెలిసిపోతుంది. నవరాత్రులు మొదలయ్యాక, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, ఇంద్రకీలాద్రి కింద వన్‌టౌన్‌లోకి వెళ్లి అదే లాటు కోసం తిరగడం అయ్యే పని కాదు. ఎన్ని పనులుంటే అన్నింటికీ సరిపడా ఊలు ముందే తెచ్చుకోవాలి, ఒక ఉండ అదనంగా. సెట్టు కొన్న ఉత్సాహంలో నేను ఈ సంగతి మరిచిపోయాను, శాలువా చివరి జాన అంచు రంగు అందుకే కాస్త వేరుగా ఉంటుంది. అత్తయ్యగారు అది డిజైనే అనుకుంటున్నారు, నేను దిద్దలేదు.

మూడు నెలల వాడకం తరువాత నా అభిప్రాయం ఇది. ఒకేసారి రెండుకు మించి స్వెట్టర్లో శాలువాలో నడిపేవారికి మొనలు మార్చుకునే పద్ధతి తప్పక ఉపయోగపడుతుంది, కానీ పూర్తి సెట్టు కొననవసరం లేదు. మొనలూ కేబుళ్లూ విడివిడిగా కూడా దొరుకుతాయి. మళ్లీ కొనవలసి వస్తే 4, 4.5, 5 మిల్లీమీటర్ల జతలు మూడు, కేబుళ్లు నాలుగు మాత్రమే తీసుకుంటాను. మరచుట్లు కంపెనీకొక తీరుగా ఉంటాయి కనుక అన్నీ ఒకే కంపెనీవి తీసుకోవాలి. నా పెట్టెలో 7, 8 మిల్లీమీటర్ల జతల కవర్లు ఇంకా విప్పనే లేదు.