ఆకు లోగో: వృత్తాలతోనా, పెన్ టూల్‌తోనా?

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ఆకు లోగోకు రెండు దారులు. మొదటిది వృత్తాలతో. కంట్రోల్ మీట నొక్కి ఉంచి ఒక వృత్తం గీయండి. కంట్రోల్-డితో నకలు తీసి, దాన్ని వృత్తంలో సగం మేర పక్కకు జరపండి. రెండింటినీ ఎంచుకుని పాత్ మెనూలో ఇంటర్‌సెక్షన్ నొక్కితే, ఒకదానిపై ఒకటి పడిన భాగమే మిగులుతుంది. అదే ఆకు. చేయి వణికినా అంచు వణకదు, రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఉంటాయి. చిక్కల్లా ఆ పొందికలోనే ఉంది: మామిడాకు అనుకుని మొదలుపెడితే నిలువునా నిలబెట్టిన కన్ను తేలుతుంది! పైగా అసలు వృత్తాలు మాయమవుతాయి, ముందే ఒక జత పక్కన దాచుకోవాలి.

పెన్ టూల్‌కైతే రెండు నోడ్లు (గీతను పట్టి ఉంచే బిందువులు) చాలు, తొడిమ దగ్గర ఒకటి, కొన దగ్గర ఒకటి. వాటిని కస్ప్ (మొనదేలిన మూల) రకంలోకి మార్చి, వంపును దిద్దే హ్యాండిళ్లను విడివిడిగా లాగితే కొన వాలుతుంది, ఒక అంచు ఉబ్బుతుంది, ఆకుకు ప్రాణం వస్తుంది. చేయి కుదరడానికి మాత్రం సమయం పడుతుంది. నా మొదటి ఆకు అచ్చం వంకాయే.

నేనిప్పుడు వృత్తాలతోనే మొదలుపెట్టి, వచ్చిన ఆకును నోడ్ టూల్‌తో కాస్త వంచుతున్నాను. 2023లో వచ్చిన 1.3 వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ ఉంటే షేప్ బిల్డర్ అనే టూల్‌తో, మెనూ జోలికి పోకుండా, కావలసిన ముక్కను మౌస్‌తోనే ఎంచుకోవచ్చు.