స్కూబాలో తొలి కోర్సు: పాడీయా, ఎస్‌ఎస్‌ఐయా?

స్కూబా డైవింగ్ కొత్తగా నేర్చుకోదలచినవారికి తరచుగా ఎదురయ్యే శిక్షణ సంస్థల పేర్లు రెండు: 1966లో మొదలైన పాడీ, 1970లో మొదలైన ఎస్‌ఎస్‌ఐ. రెండింటి ఓపెన్ వాటర్ డైవర్ కోర్సూ 18 మీటర్ల లోతు వరకు అర్హతనిస్తుంది. కోర్సు పూర్తయ్యాక ఒకరిచ్చే అర్హత కార్డును మరొకరి డైవింగ్ కేంద్రాలు సాధారణంగా అంగీకరిస్తాయి కనుక ఆ విషయంలో మల్లగుల్లాలు పడనక్కరలేదు.

తేడా బోధకుడి దగ్గర కనిపిస్తుంది. పాడీ బోధకుడు ఏ కేంద్రానికీ అనుబంధం లేకుండా సొంతంగానూ నేర్పవచ్చు. ఎస్‌ఎస్‌ఐ బోధకుడు మాత్రం గుర్తింపు పొందిన కేంద్రం తరఫుననే నేర్పాలి. సొంతంగా నేర్పేవారి వద్ద వేళలు మన వీలును బట్టి కుదరవచ్చు. కేంద్రంలోనైతే పరికరాల బాధ్యత ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. నా మొగ్గు కేంద్రం వైపే.

అయినా, సంస్థ ఏదైనా, బోధకుడి వెంట ఒకేసారి ఎందరు నీటిలోకి దిగుతారో ముందే అడగాలి. పాడీ నిబంధన ఎనిమిది మంది వరకు అనుమతిస్తుంది గానీ, తొలిసారి దిగేవారికి నలుగురే ఎక్కువ. మాస్కులోకి చేరిన నీటిని, మాస్కు పై అంచును నుదుటికి అదిమిపట్టి ముక్కుతో గాలి వదిలి బయటకు పంపే అభ్యాసంలో చాలామంది కంగారుపడతారు. అప్పుడు బోధకుడు విసుగు లేకుండా మళ్లీ చేయిస్తాడా, తర్వాతి అంశానికి తొందరపడతాడా అన్నది డబ్బు కట్టకముందే ఒక ఈతకొలను తరగతిని గట్టు మీద నుంచి గమనించి తెలుసుకోవచ్చు.